గాలి మర

పెట్రోలు లేక బండి ఆగిపోతే అందులో వింత లేదు. టాంకు నిండా పెట్రోలుండగా ఇంజను ఆగిపోతేనే వింత. అదీ రోడ్డు మీద కాదు, నీళ్ళ నడుమ. రోడ్డు మీద అయితే దిగి, నలుగురం నెట్టుకుంటూ ఇల్లు చేరవచ్చు. నీళ్ళలోకి దిగి నెట్టటానికి మాకు ఈత రాదు. మొన్న సంక్రాంతి సెలవుల్లో మాకు ఈ ముచ్చట కూడా తీరింది.

అంబత్తూరు వాళ్ళకు పడవతో ఏం పని అని మీరు అడగవచ్చు. నిజమే. మాకున్నది ఒక చెరువు, 1964లో వెలసిన ఒక పారిశ్రామిక వాడ. ఆ వాడలో చిన్న బోల్టు దగ్గర నించి బండి భాగాల దాకా తయారు కాని వస్తువు అరుదు గాని, పడవ షికారు కావాలంటే మాత్రం మరో ఊరు పోవలసిందే. అయినా మన తెలుగువాళ్ళకు పడవ కొత్తదేమీ కాదు. ఈ పట్నానికి మన పెద్దలు చాలామంది బకింగ్‌హాం కాలవ మీదనే వచ్చారు. 1806లో మొదలై, 1877-78 కరువు రోజుల్లో ఆకలిగొన్న జనానికి పని చూపించటం కోసం పొడిగించి, అప్పటి గవర్నరు పేరు పెట్టిన కాలవ అది. మా తాతగారు నెల్లూరి వైపు నించి బియ్యపు బస్తాల మీద కూర్చుని ఆ కాలవలోనే వచ్చారని మా నాయనమ్మ చెప్పేది. ఆ పడవకు ఇంధనం రెండే రెండు. గాలి వీస్తే తెరచాప, వీయకపోతే గట్టు మీద తాడు లాగే మనిషి. గాలి పడిపోతే ఒంటికి తెలుస్తుంది, తాడు తెగితే కంటికి కనపడుతుంది. ఎక్కడ ఆగిందో వెతుక్కునే పని లేదు. ఇంజను వచ్చాక ఆ వెతుకులాట కూడా వెంట వచ్చింది.

మా తోడల్లుడు తడలో ఉంటాడు. అతని స్నేహితుడు రొయ్యల గుంటలున్న ఆసామి. ఆయన చేపల కోసం కాదు, కేవలం షికారు కోసమే ఒక ఫైబరు పడవ కొని, దానికి వెనక తగిలించే ఔట్‌బోర్డు ఇంజను పెట్టించాడు. "అన్నగారూ, ఈసారి పిల్లలతో రండి, రాజహంసలను చూపిస్తాను" అని మా తోడల్లుడు మూడేళ్ళుగా పిలుస్తున్నాడు. సరే, ఈ ఏడు బయలుదేరాము. బేసిన్ బ్రిడ్జిలో బండి మారి తడలో దిగాము. మేము, మా ఆవిడ, అత్తగారు, మా పెద్దవాడు, చిన్నమ్మాయి.

పెద్దవాడి సంగతి ఇక్కడ ఒక మాట చెప్పాలి. వాడు ఐ.టి.ఐ. ముగించి రెండేళ్ళుగా మా ఊరి పారిశ్రామిక వాడలోనే ఒక చిన్న కార్ఖానాలో ఫిట్టరు. చేతులకు ఎప్పుడూ గ్రీజు. మేము పదో తరగతితో గుమాస్తాగా చేరి ఇన్నేళ్ళూ ఫాను కింద కూర్చున్నవాళ్ళం. వాడూ ఏదో ఒక ఆఫీసులో కూర్చుంటే చూడాలని మా కోరిక. గుమాస్తా పరీక్ష దరఖాస్తు ఒకటి సంపాదించి, సంతకం పెట్టిద్దామని సంచీలో వేసుకునే వచ్చాము. "చూద్దాంలే నాన్నా" అంటాడు గాని చూడడు.

మర్నాడు పొద్దున్నే మేమూ మావాడూ ఎర్ర టాంకు పట్టుకుని ఆటోలో పెట్రోలు బంకుకు వెళ్ళాము. ఈ పడవ ఇంజనుకు టాంకు విడిగా ఉంటుంది. చేత్తో మోసుకుపోయే డబ్బా లాంటిది. నింపించి, కాళ్ళ మధ్య పెట్టుకుని వెనక్కి వస్తూంటే, గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా మూత దగ్గర పెట్రోలు చిమ్ముతున్నది. పండగకు కుట్టించిన కొత్త పాంటు. చూస్తే మూత నడినెత్తిన ఒక చిన్న మర కనపడింది. బిగించాము. చిమ్మటం ఆగింది, వాసన తగ్గింది. మంచి పని చేశామన్న తృప్తితో రేవు చేరి టాంకును పడవ నడిపే అతనికి అందించాము. మర మాట అతనితో అనలేదు. అనవలసిన మాట అనే తోచలేదు.

భీములవారిపాలెం రేవులో పడవ ఎక్కి ఇరకం దీవి వైపు సాగాము. పులికాట్ అని మనం పుస్తకాల్లో చదువుకునే ఈ సరస్సును మన పాతవాళ్ళు ప్రళయ కావేరి అనేవారు. పేరు వింటే గుండె జల్లుమంటుంది గాని లోతు చాలా చోట్ల నిలువెత్తు కూడా ఉండదు. అలాగని నవ్వులాట కాదు. ఇదే సరస్సులో, తమిళనాడు వైపు పళవేర్కాడు దగ్గర 2011 డిసెంబరు 25న ఎక్కువమందిని ఎక్కించుకున్న పడవ తిరగబడి 22 మంది పోయారు. ఆ సంగతి తెలిసి ఉండబట్టి, లైఫ్ జాకెట్లు అందరూ తొడుక్కున్న తరవాత గాని మేము కాలు పెట్టలేదు. పట్టుచీర మీద నారింజరంగు జాకెట్టు తొడుక్కుని అత్తగారు పడవ ముందు భాగాన కూర్చుంటే, ఊరేగింపుకు వచ్చిన అమ్మవారిలా ఉన్నారు.

పావుగంట హాయిగా నడిచింది. దూరాన నీళ్ళ మీద తెల్లగా గులాబీగా ఒక చార కనపడితే, అవే పక్షులని మా తోడల్లుడు వేలు చూపించాడు. చిన్నమ్మాయి చప్పట్లు కొట్టింది. అంతలో ఇంజను గొంతులో ఏదో అడ్డుపడినట్లు రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

పడవతను తాడు లాగాడు. పలకలేదు. కాస్త ఆగి లాగితే పలికింది. నాలుగు బారలు పోయి మళ్ళీ ఆగింది. అక్కడ నించి మొదలైంది సభ. ప్లగ్గు పోయిందన్నాడు మా తోడల్లుడు. పెట్రోలు కల్తీ అన్నాము మేము. బయలుదేరేటప్పుడు ఎవరో తుమ్మారన్నది మా ఆవిడ. పడవతను ఏమీ అనకుండా చెమటలు కారుతూ తాడు లాగుతూనే ఉన్నాడు. గాలి ఈశాన్యం నించి వీస్తున్నది. పడవ మెల్లిగా అడ్డం తిరుగుతున్నది. ఆసామికి ఫోను చేస్తే, మరో పడవ రావటానికి గంటన్నర పడుతుందన్నాడు. మా ఆవిడ చిన్నమ్మాయిని ఒళ్ళోకి లాక్కున్నది. పైకి అనలేదు గాని మాకు కడుపులో చల్లబడింది.

అప్పుడు మావాడు లేవకుండానే, "అన్నా, తాడు లాగటం ఆపండి. ముందు లంగరు వేయండి. ఎవరూ లేవకండి" అన్నాడు. లంగరు పడ్డది. పడవ నిలిచింది. వాడు ఇంజను వైపు చూడనన్నా చూడలేదు. టాంకు దగ్గరికి జరిగాడు.

"జబ్బు ఇంజనుకైతే టాంకు చూస్తావేమిట్రా?" అన్నాము.

"ఇంజను నిప్పు కోసం ఆగలేదు నాన్నా. ఆకలేసి ఆగింది. చావుకు ముందు అది దగ్గిన తీరే చెపుతుంది. తిండి ఎక్కడ ఆగిందో మొదటి నించి చూసుకుంటూ రావాలి. టాంకు, గొట్టం, బుడ్డి, ఫిల్టరు, పంపు, ఆ తరవాత కార్బురేటరు."

ఏమాట కామాట చెప్పుకోవాలి. ఆ మాట మాకు చాలా తెలిసినట్లు వినపడింది. మా ఆఫీసులో ఒక కాగితం కనపడకపోతే మేము పెద్ద అధికారి బల్ల మీద మొదలుపెట్టము. తపాలా రిజిస్టరులో ఎక్కిందా, ఏ సెక్షనుకు పోయింది, ఎవరు అందుకున్నారు, అలా ఒక్కొక్క చేయీ దాటించుకుంటూ పోతాము. కాగితం ఎప్పుడూ ఒక చేతికీ మరో చేతికీ మధ్యనే ఆగుతుంది.

టాంకు నించి ఇంజనుకు పోయే గొట్టం మధ్యలో చిన్న మామిడికాయంత రబ్బరు బుడ్డి ఉంటుంది. ప్రైమర్ బల్బు అంటారట. ఇంజను మొదలుపెట్టే ముందు దాన్ని నొక్కి పెట్రోలును ముందుకు తోస్తారు. దాని మీద ఒక బాణం గుర్తు ఉంటుంది, అది ఇంజను వైపు చూడాలి. ఇప్పుడా బుడ్డి పిండేసిన నిమ్మడిప్పలా నొక్కుకుపోయి ఉన్నది.

"ఇదుగో, ఇదే వైద్యుడికి నాడి" అన్నాడు మావాడు. "బుడ్డి ఇలా లోపలికి పీక్కుపోతే టాంకు వైపున దారి మూసుకున్నదని. ఎంత నొక్కినా గట్టిపడక మెత్తగానే ఉంటే టాంకులో పెట్రోలు లేదనో, దారిలో ఎక్కడో గాలి చొరబడుతున్నదనో, బుడ్డి కవాటం పోయిందనో అనుకోవాలి. రాయిలా గట్టిగా ఉండి కూడా ఇంజను పలకకపోతే చిక్కు బుడ్డికి అవతల, ఇంజనులో."

"దారి మూసుకోవటమేమిట్రా, డబ్బా నిండుగా ఉంటేను?" అన్నది మా ఆవిడ.

అత్తగారు ముందు నించి తల తిప్పి, "ఒక్క చిల్లు పెట్టిన నూనె డబ్బాలా ఉన్నదేమో చూడరా" అన్నారు.

మావాడు నవ్వాడు. "అమ్మమ్మా, అదే!"

మన ఆడవాళ్ళకు ఈ రహస్యం వేరే చెప్పనక్కరలేదు. కొత్త నూనె డబ్బాకు ఒకే చిల్లు పెట్టి వంచితే గుడగుడమని నాలుగు చుక్కలు పడి ఆగుతుంది. ఎదురుగా రెండో చిల్లు పెడితే ధారగా పడుతుంది. నూనె బయటికి పోయిన చోటికి గాలి లోపలికి రావాలి. రానివ్వకపోతే లోపల శూన్యం ఏర్పడి ఉన్నదాన్ని వెనక్కి పట్టుకుంటుంది. టాంకు మూత మీది గాలి మర ఆ రెండో చిల్లు. అది మూసి ఉంటే, లోపలున్న కొద్ది గాలీ సాగినంతసేపు ఇంజను నడుస్తుంది. తరవాత పంపు ఎంత పీల్చినా పెట్రోలు రాదు. కాస్త ఆగితే ఎక్కడో సందులోంచి కొంచెం గాలి జొరబడి మళ్ళీ నాలుగు బారలు నడుస్తుంది. ఆ నాలుగు బారలే మనిషిని మోసం చేస్తాయి. జబ్బు ఇంజనులో ఉన్నదనిపిస్తాయి.

మావాడు మర తిప్పాడు. సుయ్‌మని గాలి లోపలికి పోయిన చప్పుడు అందరికీ వినపడింది. నొక్కుకుపోయిన బుడ్డి మెల్లిగా ఉబ్బి తన ఆకారానికి వచ్చింది. వాడు ఒక్కసారి మా మొహం చూశాడు. ఆటోలో ముందు సీటు నించి వెనక్కి తిరిగి చూసినవాడే కదా. ఏమీ అనలేదు.

"ఎవరు మూశారయ్యా దీన్ని?" అన్నాడు మా తోడల్లుడు.

పడవతను నుదురు కొట్టుకుని, "నేనే చూసుకోలేదు సార్" అన్నాడు.

మేము పక్షుల వైపు చూస్తూ కూర్చున్నాము.

కథ అక్కడితో అయిపోతే ఆ మౌనం మాతోనే ఇల్లు చేరేదేమో. కాని ఇంజను పది నిమిషాలు నడిచి, వేగం పెంచబోయేసరికి మళ్ళీ డీలా పడింది. ఒక జబ్బు దొరికితే రెండోది ఉండదని నియమం లేదట. మావాడు మళ్ళీ బుడ్డి ముట్టుకున్నాడు. ఈసారి పీక్కుపోలేదు, మెత్తగా ఉన్నది. గొట్టం పొడుగునా చేయి పెట్టి తడి ఉన్నదా అని చూశాడు, అతుకుల దగ్గర వాసన చూశాడు. ఎక్కడా కారటం లేదని రూఢి చేసుకున్నాక బుడ్డిని మెల్లిగా నొక్కాడు. ఇంజను ఊపిరి పీల్చుకున్నట్లు లేచింది. నొక్కటం మానితే వాలింది.

"పంపు బలహీనంగా ఉన్నది. పెట్రోలు దాని దాకా వస్తున్నది గాని అది లాగలేకపోతున్నది. మనం చేత్తో తోస్తూ ఉంటే రేవు చేరతాం. వేగం వద్దు. అన్నా, బీడీ మాత్రం వెలిగించకండి" అని, బుడ్డిని మా చేతిలో పెట్టాడు. "నాన్నా, నిమ్మళంగా నొక్కుతూ ఉండండి. గట్టిగా పిండితే ఎక్కువై ముంచెత్తుతుంది."

ఇంతకాలం కలం తప్ప వేరే పనిముట్టు ఎరగని చేయి మాది. అరగంటసేపు ఆ బుడ్డిని నొక్కుతూ కూర్చున్నాము. నొక్కితే ఇంజను పలుకుతున్నది, కాస్త ఏమరితే మూలుగుతున్నది. పడవలో ఏడుగురి ప్రయాణం మా గుప్పిట్లో ఆడుతున్నది. ఆ అరగంటలో మాకు ఆలోచించుకోవటానికి తీరిక బాగా దొరికింది. మర మూయటం తప్పు కాదు. తరవాత మావాడే చెప్పాడు, టాంకును మోసుకుపోయేటప్పుడు మూసే ఉంచాలిట. నడిపే ముందు తెరవాలి. మా తప్పు మూయటంలో లేదు, మూశామని చెప్పకుండా అప్పగించటంలో ఉన్నది. ఆఫీసులో సెలవు మీద పోతూ చార్జి అప్పగిస్తే, ఏది మూసి ఉన్నది, ఏది తెరిచి ఉన్నది అని పట్టీ రాసి సంతకం చేసేవాళ్ళం. ఒక ఎర్ర డబ్బాను అప్పగించేటప్పుడు ఆ బుద్ధి ఏమైంది?

రేవులో ఆసామి నిలబడి ఉన్నాడు. భయపడ్డ మనిషి కోపం ఎలా ఉంటుందో అలా ఉన్నది ఆయన కోపం. సంగతి విన్నదే తడవు పడవతని మీద పడ్డాడు. "ఆడవాళ్ళూ పిల్లలూ ఎక్కిన పడవకు గాలి మర చూసుకోవా? రేపటి నించి నువ్వు రావద్దు" అన్నాడు. పడవతను తలవంచుకుని లంగరు తాడు చుట్టుకుంటున్నాడు. మావాడు మా వైపు చూడలేదు. చూసి ఉంటే కాస్త తేలికయ్యేది.

"అయ్యా, ఆ మర బిగించింది మేము" అన్నాము.

అందరూ మా వైపు తిరిగారు. ఆటో, గుంతలు, కొత్త పాంటు, అన్నీ చెప్పాము. ముందే ఎందుకు చెప్పలేదని ఎవరూ అడగలేదు, అది వాళ్ళ మర్యాద. ఆసామి కాస్సేపు ఊరుకుని, "పోనీండి, అందరూ క్షేమంగా వచ్చారు, అదే పదివేలు" అని, పడవతనితో, "టిఫిను తిన్నావా?" అన్నాడు. ఉద్యోగం నిలిచింది. పడవతను మాత్రం మా దగ్గరికి వచ్చి మెల్లిగా, "మూసింది మీరయినా చూసుకోవలసింది నేనే సార్" అన్నాడు. తన వంతు తప్పు తాను మోసుకోవటానికి సిద్ధపడ్డ ఆ మనిషి ముందు మేము నీళ్ళ నడుమ కన్నా ఎక్కువ తడిసిపోయాము.

ఆసామి అనుమతితో మావాడు పంపును విప్పి అంబత్తూరు తెచ్చుకున్నాడు. లోపల డయాఫ్రం అనే పలచని పొర ఉంటుంది. ఇంజను ఊపిరికి అది లోపలికీ బయటికీ కదులుతూ పెట్రోలును లాగుతుంది. అది బిరుసెక్కి ఒక అంచున చిట్లి ఉన్నది. కొత్తది వేశాడు. గొట్టం కూడా మార్చాలన్నాడు, లోపలి రబ్బరు పెచ్చులు లేస్తున్నదిట. ఆ పెచ్చులే పోయి ఫిల్టరులో అడ్డం పడతాయి.

టాంకు అడుగు నించి కాస్త పెట్రోలు ఒక గాజు సీసాలో పట్టుకుని, ఆరుబయట నిప్పుకు దూరంగా పెట్టి చూపించాడు. నీళ్ళు కలిసి ఉంటే కాసేపటికి అడుగున వేరే పొరగా తేరుతుంది. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు కలుస్తుంది. 2025 నాటికి నూటికి ఇరవై పాళ్ళ దాకా వచ్చింది. ఇథనాలుకు నీటిని పీల్చుకునే గుణం. కొద్ది నీరయితే కలిసిపోతుంది, ఎక్కువయితే ఇథనాలూ నీళ్ళూ జతకట్టి అడుగుకు దిగుతాయి. గొట్టం పీల్చేది అడుగు నించే. కనక షికారు పడవలో నెలల తరబడి పాత పెట్రోలు నిలవ ఉంచకూడదు, అడుగున తేరిన దాన్ని కుదిపి వాడకూడదు. మన పడవలో నీళ్ళు లేవు. మేము ఘంటాపథంగా చెప్పిన కల్తీ మాట అలా తేలిపోయింది.

దరఖాస్తు ఇప్పటికీ సంచీలోనే ఉన్నది. గడువు దాటింది. మేము గుర్తు చేయలేదు, వాడు అడగలేదు.

పంపు తిరిగి పంపించే రోజున మావాడు ఒక చిన్న అట్టముక్క తెచ్చి, "నాన్నా, మీ దస్తూరీ బాగుంటుంది, దీని మీద రాసిపెట్టండి, టాంకుకు కట్టిస్తాను" అన్నాడు. సరిహద్దు రేవు కదా, ఒకవైపు తెలుగులోనూ రెండో వైపు తమిళంలోనూ రాశాము. "మోసేటప్పుడు మూయి. నడిపేటప్పుడు తెరువు. అప్పగించేటప్పుడు చెప్పు."

మొదటి రెండు మాటలూ వాడు చెప్పినవి. మూడోది మాది.